గుడ్డ తిప్పి చూడాలి

ఆ వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడని అందరూ మిషనమ్మ అంటారు. దర్జీ దుకాణానికీ ఇస్త్రీ బల్లకీ మధ్య, మనిషి అడ్డం తిరిగితే భుజాలు గోడలకు రాసుకునేంత ఇరుకు కొట్టు ఆవిడది. మేనమామ దగ్గర కూర్చుని, ఆయన చేతుల వంక చూసి నేర్చుకున్న పని. ఆయన నోరు విప్పి చెప్పింది తక్కువ. చెయ్యి తప్పు చోటికి పోతే స్క్రూడ్రైవరు పిడితో వేలి కణుపు మీద ఒకటిచ్చేవాడు. పాఠం అయిపోయినట్టే.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. మిషను బాగుచేశాక ఆవిడ ఒక గుడ్డ పేలిక తీసి, దాని మీద జానెడు కుట్టు వేస్తుంది. మిషను తాలూకు మనిషి ఆ కుట్టు చూసి "బాగుందమ్మా" అని లేవబోతాడు. ఆవిడ లేవనివ్వదు.

"పైన అందరికీ బాగానే ఉంటుంది. కూర్చోండి," అంటుంది.

అని గుడ్డ తిప్పుతుంది. సంగతంతా అడుగున ఉంటుంది. కుట్టుకి దారాలు రెండు. సూదిలోంచి వచ్చేది పైదారం, బాబిన్‌లోంచి వచ్చేది కిందిదారం. రెండూ ఒకదాన్నొకటి సమానంగా లాగి, గుడ్డ మందంలో ముడిపడాలి. ఒకటి వదులైతే పైకి ముత్యాల్లాంటి కుట్టు కనిపిస్తుంది, అడుగున మాత్రం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది. పని కొత్తవాళ్లు చేసే పొరపాటు కూడా ఇక్కడే. ఉచ్చులు కిందపడ్డాయి కాబట్టి తప్పు కిందిదారానిదే అనుకుని బాబిన్ కేసు బిగిస్తారు, ఇంకా చెడగొడతారు. కింద ఉచ్చులు పడితే తప్పు పైన ఉంటుంది. ఈ ముక్క నేర్చుకోవడానికి మిషనమ్మ వేలి కణుపులు చాలా దెబ్బలు తిన్నాయి.

గుడ్డ తిప్పి, గోరుతో కుట్టు వెంట రాసి, లాగి చూసి, అప్పుడంటుంది "బాగుంది" అని. అంతకుముందు ఆవిడ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు.

అలాంటి మనిషి ప్రతి ఆదివారం ఫోన్లో అదే మాట అబద్ధంగా చెప్పేది.

భర్త సైన్యంలో ఉన్నాడు. కిందటిసారి సెలవు ముగించుకుని వెళ్లినప్పుడు సరిహద్దు దగ్గరి కొండల్లోకి పంపారు. ఆదివారం సాయంత్రం టీ పొయ్యి మీద ఉండగా ఫోన్ వచ్చేది.

"ఏం మేస్త్రీ, అంతా బాగుందా?" అనేవాడు. కొట్లో పనిచేసే చేతులంటే అతనికి గౌరవం. పెళ్లయిన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు, తరవాత అదే పేరైపోయింది.

"బాగుందండీ," అనేది ఆవిడ.

పక్కన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉండేది. కోడలి గొంతు కాస్త వంగితే చాలు, మోచెయ్యి మీద రెండు వేళ్లతో తాకేది. గిల్లడం కాదు, గిల్లగలనని గుర్తుచేయడం.

అత్తగారిదీ ఇదే బతుకు. ఆవిడ భర్తా సైనికుడే. వయసులో ఉండగా పిల్లాడికి జ్వరమని ఎవరితోనో కబురు పెట్టింది. ఆయన పైవాళ్లకు చెప్పాపెట్టకుండా బయల్దేరి వచ్చేశాడు. ఆయన వచ్చేసరికి జ్వరం తగ్గిపోయింది, శిక్ష మాత్రం మిగిలింది. దాంతో ఆయన హోదా అక్కడే ఆగిపోయింది. పోయేదాకా భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తిపొడుస్తూనే ఉన్నాడట. అప్పటి నుంచి ఆవిడ ఒక నియమం పెట్టుకుంది, కోడలు రాగానే దాన్ని ఆవిడ చేతిలో పెట్టింది: "అక్కడున్నవాడి చెవిలో ఇక్కడి గోల వెయ్యకూడదమ్మాయ్. వాడడిగితే బాగుందను. ఇల్లు కూలినా బాగుందను."

ఇల్లు కూలలేదు. కానీ బాగోలేదు.

వంటింటి కుళాయి కారేది. దాన్ని కోడలు బాగుచెయ్యబోతే అత్తగారు, "వాడొచ్చాక చేస్తానన్నాడు, ముట్టుకోకు," అంది. ఆ నీళ్లలోనే అత్తగారు కాలుజారి పడింది. మడమ దగ్గర ఎముక చిట్లింది. కోడలు కొట్టుకీ మంచానికీ మధ్య బొంగరంలా తిరిగింది. పొద్దున్నే అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టడం, మధ్యాహ్నం మిషను సగం విప్పి పెట్టి ఇంటికి పరిగెత్తడం. ఆ రోజుల్లో వచ్చిన ఆదివారాల్లో కూడా మంచం మీద కట్టుకట్టిన కాలు దిండుకెత్తి పెట్టుకుని, "నాకేంటి నాయనా, గుర్రంలా ఉన్నా," అనేది అత్తగారు. ఫోన్ కోడలికిచ్చి కళ్లెర్రజేసేది. కోడలు "బాగుందండీ" అనేది.

ఆ తరవాత కుళాయి కోడలే బాగుచేసింది, అత్తగారు లేవలేని స్థితిలో ఉన్నప్పుడు. లేచి చూసి అత్తగారు అన్న మాట ఒకటే. "వాడొచ్చి అడిగితే ఏం చెబుతావు?"

కానీ అన్నిటికంటే ఆవిడ కడుపు మండించింది తలుపు. వీధి తలుపు కింద గడపకు రాసుకునేది. తెరవాలంటే పిడి పట్టుకుని పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తొయ్యాలి. భర్తకు చెక్కపని అంటే ప్రాణం. సైన్యంలో చేరకముందు ఒక వడ్రంగి దగ్గర రెండేళ్లు పనిచేశాడు. కొలువు అయిపోయాక భార్య కొట్టు పక్కనే చెక్కపని కొట్టు పెట్టుకుంటానని వీధంతా చెప్పుకున్నాడు. వెళ్లేముందు తలుపు మీద చెయ్యి వేసి, "దీన్ని ఎవరూ ముట్టుకోకండి. ఎవడో వచ్చి గొడ్డలితో నరికినట్టు నరుకుతాడు. నేనొచ్చాక చిత్రిక పడతా," అన్నాడు. చిత్రికని, ఉలిని పాత దుప్పటిలో చుట్టి, పెట్టె మీద పెట్టి మరీ వెళ్లాడు.

అత్తగారికి అది శాసనం. ఊళ్లో మిషన్లన్నీ సరిచేసే మనిషి సొంతింట్లోకి దొంగలా భుజంతో తలుపు పొడుచుకుని వెళ్లేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, అలాగ. కుడిభుజం మీద కమిలిన మచ్చ తగ్గేలోపే ఇంకో మచ్చ పడేది.

వీధి సంగతి సరేసరి. కూరలమ్మేవాడి దగ్గర్నుంచి అద్దె ఇంటి ఆవిడ దాకా అందరికీ ఒకటే ప్రశ్న: మీ ఆయన ఎప్పుడొస్తున్నాడు? అడిగేవాళ్లకు జవాబు అక్కర్లేదు. పాలు తీసుకుంటూ, చిల్లర ఏరుకుంటూ అడుగుతారు. మొదట్లో ఆవిడ నెల చెప్పేది. ఆ నెల దాటిపోయాక "ఏమో" అనడం మొదలుపెట్టింది. ఏమో అన్న మాటకు వీధి సొంతంగా అర్థాలు కుట్టుకుంది. ఇస్త్రీ చేసేవాడు ఒకరోజు బొగ్గులు ఊదుతూ, "దూరంగా ఉంటే మగవాళ్ల మనసులు వేరమ్మా," అన్నాడు. వేడి పెట్టె అతని చేతిలో ఉంది కాబట్టి బతికిపోయాడు గానీ, తన చేతిలో ఉంటే ఏం చేసేదో ఆవిడకే తెలియదు.

పక్క కొట్టు దర్జీ కాస్త మంచివాడే. అతనూ ఊరుకోలేదు. "ఏంటి మిషనమ్మా, ఈమధ్య టెన్షన్‌లో ఉన్నట్టున్నావు?" అన్నాడు.

"నా దగ్గర టెన్షనంటే దారం బిగించే ఓ నట్టు. మీది వదులైతే చెప్పండి, బిగించి పెడతా."

దర్జీ తల దించుకుని కాజా కుట్టుకున్నాడు.

పైకి అలా అంటించేది గానీ, ఇస్త్రీవాడి మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. ఎందుకంటే భర్త రావలసిన నెలలో రాలేదు. "కొంచెం ఆలస్యమవుతుంది మేస్త్రీ," అన్నాడు ఫోన్లో, తేలిగ్గా, బస్సు తప్పిపోయినట్టు. ఎందుకని అడిగితే సైన్యంలో ఎందుకని అడగకూడదన్నాడు. ఆవిడ అతని కోసం కొట్లో ఒక మూల ఖాళీ చేసి పెట్టుకుంది. మళ్లీ ఆ మూలలో విరిగిన మిషన్ల కాళ్లు చేర్చింది. ఒక్కొక్కటీ విసిరేస్తుంటే దర్జీ తొంగిచూసి వెళ్లిపోయాడు. తరవాత భర్త ఇంకోసారి ఆలస్యమన్నాడు. ఈసారి మూల ఖాళీ చెయ్యలేదు కాబట్టి విసిరేసేందుకు ఏమీ లేకపోయింది. అది ఇంకా మంట.

మరో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు రోజూ ఫోన్లో నాలుగు ముక్కలు రాసి పంపేవాడు. ఏం తిన్నాడో, ఎవరు గురక పెట్టారో, కొండ మీద మేక ఎవరి బూటు నమిలిందో. అవన్నీ ఆగిపోయాయి. అడిగితే వేళ్లకి బద్ధకమన్నాడు. ఫొటోలు పంపడం మానేశాడు. ఆదివారం మాటలు కూడా కురచవైపోయాయి. బాగుందా? బాగుంది. మీరు? బాగున్నా. అంతే. ఇక రావాలని లేదేమో అన్న అనుమానం ఆవిడకు అన్నం దగ్గరా నూనె డబ్బా దగ్గరా తగులుతూనే ఉండేది. మరొకరి మిషనైతే తిప్పి చూసేది. కట్టుకున్నవాడి మాటని తిప్పి చూడటం ఎలాగో మేనమామ నేర్పలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం డ్రైవరు భార్య మిషను పట్టుకుని వచ్చింది. ఆవిడ భర్త కూడా మిషనమ్మ భర్త ఉన్న దళంలోనే లారీ నడుపుతాడు. రెండు వీధుల అవతల ఉంటారు, పండో పప్పో కొనేచోట పలకరించుకునేంత పరిచయం. మిషను బల్ల మీద పెట్టి ఆయాసం తీర్చుకుంటూ, "అడుగున ఒకటే ఉచ్చులక్కా. బాబిన్ బిగించీ బిగించీ చేతులు పోయాయి," అంది.

"బాబిన్ జోలికి ఎందుకెళ్లావు? కింద ఉచ్చులు పడితే తప్పు పైన ఉంటుంది," అంటూ మిషనమ్మ పైదారాన్ని బిగబట్టే పళ్లేల మధ్య చిక్కుకున్న పీచు తీస్తోంది.

"చేతులంటే గుర్తొచ్చింది. మీ ఆయన చెయ్యి ఎలా ఉందక్కా ఇప్పుడు? కుట్లు విప్పేశారటగా."

మిషనమ్మ చేతిలో సన్నటి పట్టకారు ఉంది. పీచు దాని కొసన ఉంది.

డ్రైవరు భార్య చెడ్డది కాదు, తెలియనిది. తెలిసిన సంగతే కదా అని చెప్పుకుపోయింది. సామాను దించుతుంటే లారీ వెనక తలుపు జారి అతని కుడిచేతి మీద పడిందట. యుద్ధం కాదు, తుపాకీ కాదు, ఒక పాత లారీకి కొక్కెం అరిగిపోయి ఉండటం. తన భర్తే అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాడట. వేళ్లు తీసెయ్యాల్సి వస్తుందనుకుంటే దేవుడి దయవల్ల నిలిచాయట. "మా ఆయన అప్పుడే మీ అత్తగారికి ఫోన్ చేశాడుగా. ఆవిడ ఎంత ధైర్యంగా మాట్లాడిందో అని ఇప్పటికీ చెబుతాడు," అంది.

మిషనమ్మ పీచు తీసి పారేసింది. పైదారం మళ్లీ ఎక్కించింది, నట్టు సరిచేసింది, ఆ పిల్ల బిగించి పెట్టిన బాబిన్ కేసు మళ్లీ దాని చోటికి వదులు చేసింది. పేలిక మీద కుట్టు వేసి తిప్పి చూసింది. లాగి చూసింది. "బాగుంది, తీసుకెళ్లు," అంది. కోపంతో ఉన్నప్పుడు ఆవిడ పని ఇంకా శుభ్రంగా ఉంటుంది.

డ్రైవరు భార్య వీధి మలుపు తిరగ్గానే కొట్టు మూసింది. పట్టపగలు మిషనమ్మ కొట్టు మూయడం దర్జీ ఎప్పుడూ చూడలేదు. అడగబోయి, ఆవిడ మొహం చూసి సూది నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి తలుపు తోసింది. రాలేదు. పిడి ఎత్తి భుజంతో తోసింది. కమిలిన చోటే తగిలింది. అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టు సంచిలోంచి పెద్ద స్క్రూడ్రైవరు తీసి, కిటికీలోంచి అత్తగారిని వెనక్కి జరగమని చెప్పి, దొడ్డిదారిన లోపలికొచ్చి తలుపు బందులు విప్పడం మొదలుపెట్టింది. కింది బందు స్క్రూలు మొండికేశాయి. పై బందువి రెండు తిప్పులకే చేతిలోకి ఊడిపడ్డాయి. ఇంకో రోజైతే అదేంటని ఆగి చూసేది. ఆ రోజు చూడలేదు. తలుపు పీకి వసారాలో రెండు ముక్కాలిపీటల మీద పడేసింది. ఇంట్లోకి వీధి మొత్తం వచ్చి నిలబడినట్టయింది.

అత్తగారు కర్ర పట్టుకుని గది మధ్యలో నిలబడింది. "వాడు ముట్టుకోవద్దన్నాడు కదే."

"ఏ చేత్తో చేస్తాడు?" అంది కోడలు.

అత్తగారు కుర్చీలో కూర్చుంది. కర్ర కిందపెట్టింది. తెలిసిపోయిందని అర్థమైంది. ఇంక నీళ్లు నమలలేదు. కొడుకు ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది. చేతి సంగతి మేస్త్రీకి చెప్పొద్దు, నేనొచ్చాక చెబుతాను అన్నాడట.

"ఆయన సంగతి నాకు చెప్పొద్దని మీకు ఒట్టు. మీ కాలి సంగతి ఆయనకు చెప్పొద్దని నాకు ఆజ్ఞ. ఇద్దరికీ మధ్య కూర్చుని బాగుంది బాగుంది అని పంచిపెట్టారు. పండగ మిఠాయిలా."

"చెబితే ఏం చేసేదానివి? పరిగెత్తుకెళ్లి వేళ్లు కుట్టేసేదానివా?"

"తెలిసి ఏడ్చేదాన్ని. అది కూడా నాది కాదా?" కోడలు గొంతు పెంచలేదు. "ఆయనకు ఇంటికి రావాలని లేదనుకున్నాను అత్తయ్యా. ఇన్నాళ్లూ పక్కలో పడుకుని అదే అనుకున్నాను. ఇస్త్రీ చేసేవాడు అన్నాడు, నిజమే అనుకున్నాను. మీరు నా ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నారు."

అత్తగారు ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదని మొహమే చెప్పింది. జ్వరం, శిక్ష, భోజనాల దగ్గరి ఎత్తిపొడుపులు, వీటి చుట్టూ తిరిగిన మనసు ఆవిడది. చెప్తే ఏమవుతుందో ఒంటికి పట్టేలా తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో ఎవరూ ఆవిడకు చెప్పలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ ఏదీ చెప్పుకోరు.

కోడలు ఫోన్ తీసింది. ఆదివారం కాదు. ఆ ఇంట్లో ఆదివారం కాని రోజు ఫోన్ చేస్తే ఎవరో పోయారనే లెక్క. అత్తగారు "వద్దే, హడలిపోతాడు," అంది. కోడలు ఆగలేదు. అతను ఎత్తేదాకా చేస్తూనే ఉంది.

"ఏమైంది? అమ్మకి..." అన్నాడు అతను ఎత్తుతూనే.

"బాగోలేదు," అంది ఆవిడ.

అతన్ని మాట్లాడనివ్వకుండా మళ్లీ అందుకుంది.

"అమ్మ బతికే ఉంది. కానీ బాగోలేదు. ఆవిడ పడింది, మడమ చిట్లింది, ఇప్పటికీ కర్రతో నడుస్తోంది. నేను బాగోలేను. తలుపు బాగోలేదు. ఏ వేళ్లు?"

"ఏంటి?"

"నీ చేతికి ఏ వేళ్లు?"

నీ అన్న మాటకు అత్తగారు తలెత్తి చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచి కోడలు మీరు తప్ప అనలేదు. అవతల అతనికీ వినిపించే ఉంటుంది.

"వచ్చాక చెబుతా మేస్త్రీ."

"వచ్చాక కాదు. ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో వినిపిస్తే ఫోన్ ఇసకలో పాతేస్తా. డ్రైవరు పెళ్లాం నా కొట్లో కూర్చుని నీ కుట్ల గురించి చెబితే, మిషను బాగుచేస్తూ వినాలా నేను? ఏ వేళ్లు, ఎంతవరకు మడతపడతాయి? అది చెప్పు."

ఇది జాలిపడే మనిషి అడిగే తీరు కాదు. మిషను ఎదురుగా పెట్టుకుని ఎక్కడ పట్టేస్తోందో అడిగే తీరు. బహుశా అందుకే చెప్పగలిగాడు. చిటికెన వేలు, దాని పక్కది. సగం కూడా మడతపడవు. వస్తాయని డాక్టరంటాడు. రావని తనకు తెలుసు. అక్షరాలు కొట్టబోతే ఫోన్ జారిపోతోంది, చొక్కా బొత్తాం ఎడంచేత్తో పెట్టుకుంటున్నాడు. చిత్రిక వెనక పిడిని బిగబట్టేది ఆ రెండు వేళ్లే.

"మరి ఇంటికి ఎందుకు రాలేదు? పంపలేదా?"

"పంపుతామన్నారు. నేనే ఇంకొన్నాళ్లు ఉంటానన్నా. ఇంటికి రాగానే ఎదురుగా ఆ తలుపే కదా. నేనొచ్చి చేస్తానన్నది. దాని మొహం చూడలేననిపించింది."

మిషనమ్మ వసారాలో పీటల మీద పడున్న తలుపు వంక చూసింది. చెక్కముక్క. దీని కోసం ఒక మగాడు కొండల్లో దాక్కున్నాడు. దీని కోసం తాను ఇస్త్రీవాడి మాట నమ్మింది. ఎవరి మీద ముందు కోప్పడాలో తెలియనంత కోపం వచ్చింది, దాని అడుగున ఇంకేదో కూడా ఉంది గానీ దాన్ని తిప్పి చూసే తీరిక అప్పుడు లేదు.

"అయితే విను," అంది. "నీ తలుపు నేను పీకేశాను. వసారాలో ఉంది. నీ చిత్రిక దుప్పట్లోంచి విప్పుతున్నా."

"చిత్రికా?" గొంతు మారింది. చాలా వారాల తరవాత అతని గొంతులో ప్రాణం వచ్చింది, అదీ కోపం రూపంలో. "ఆగు. చిత్రిక పట్టకు. ఎంత తీస్తావు, ఎక్కడ తీస్తావు? ముందు బందులు చూశావా? కింద రాస్తోందంటే తప్పు కింద ఉండదు, పైన ఉంటుంది. పై బందు వదులైతే తలుపు వేలాడుతుంది. ఆ మాత్రం తెలియదా?"

తెలుసు. ఇందాకే ఆ మాట మరొకరికి చెప్పింది. పై బందు స్క్రూలు రెండు తిప్పులకే ఊడివచ్చాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. అందరూ చెక్క ఉబ్బిందనుకున్నారు, చెక్కపని తెలిసినవాడితో సహా.

"వెళ్లేముందు నువ్వు చూశావా?" అంది.

"చూడలేదు," అన్నాడు. "చిత్రిక పట్టాలనే అనుకున్నా."

"గొప్ప పనివాడివి."

"నువ్వో?"

అత్తగారు ఫోన్ పట్టుకుంది, కోడలి చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి. అతను చెబుతుంటే మిషనమ్మ సన్నటి పుల్లలు చెక్కి, అరిగిపోయిన రంధ్రాల్లో కొట్టి, మిగిలింది తెగ్గోసింది. పుల్ల ఎంత మందం ఉండాలన్న దగ్గర ఇద్దరూ వాదించుకున్నారు. సుత్తి చప్పుడు విని అతను "చిన్న సుత్తి తీసుకో, మేకు కాదు కొట్టేది" అన్నాడు. ఆవిడ పెద్ద సుత్తి కిందపెట్టి చిన్నది తీసుకుంది, అతనికి చెప్పలేదు. తలుపు ఎత్తి నిలబెట్టడానికి దర్జీని కేకేస్తే, అప్పటికే వీధిలో నిలబడి చూస్తున్నవాడు పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ఇస్త్రీవాడు కూడా వచ్చాడు. అతన్ని చూసి ఆవిడ, "నువ్వు బరువున్న వైపు పట్టుకో," అంది.

బందులు బిగించారు. తలుపు ఒక వేలు మందం పైకి లేచింది. మిషనమ్మ తెరిచింది, మూసింది. భుజం అక్కర్లేకుండా కదిలింది.

"బాగుందా?" ఫోన్లోంచి అడిగాడు అతను.

అత్తగారు అలవాటుగా నోరు తెరిచింది. కోడలు చెయ్యి ఎత్తి ఆపింది. మోకాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి గుడ్డ పేలిక తీసి, మూసిన తలుపు కిందుగా ఒక కొస నుంచి లాక్కుంటూ వెళ్లింది. పేలిక సాఫీగా జారి, చివరి మూల దగ్గర పట్టేసింది.

"లేదు. పిడి వైపు మూల ఇంకా పట్టుకుంటోంది," అంది.

"ఎంత?"

"దారమంత."

"దారమంతేగా, ఇవాళ్టికి వదిలెయ్. నేనొ..." అని ఆగాడు. ఆ మాట నోట్లోనే మింగేశాడు. "చిత్రిక విప్పు. చివరి దాకా తొయ్యకు, చెక్క చీలుతుంది. మూల నుంచి లోపలికి తొయ్యి," అన్నాడు.

"సెలవు ఎప్పుడు అడుగుతున్నావు?"

"రేపు."

"ఇవాళ అడుగు. ఇది అయిపోగానే. నీ మీద నా కోపం ఇంకా తగ్గలేదు, వచ్చి తిట్లు తిను." దుప్పటి మడతలు విప్పి చిత్రిక బయటికి తీసింది. పిడి దగ్గర అతని చెయ్యి అరగదీసిన నునుపు ఉంది. తన వేళ్లు అందులో పెట్టింది. సరిగ్గా సరిపోలేదు. "ఫోన్ పెట్టెయ్యకు. అత్తయ్యా, దగ్గరగా పట్టుకోండి, చప్పుడు వినాలి."

మళ్లీ తలుపు దించారు. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో ఫోన్‌ని చెక్క పక్కన పట్టుకుంది. మిషనమ్మ మొదటి తోపు తోసింది.

"అంత నొక్కకు," అన్నాడు అతను.